పసిగుండె – మన చేతిలో ఒక అమానతు

సర్వ స్తుతులూ మనిషిని మాతృగర్భంలో మలచిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ఇంట్లో బిడ్డ పుట్టగానే మనం చేసే మొదటి పనుల్లో ఒకటి ఆ పసికందు చెవిలో అజాన్ పలకడం. అజాన్ పలికే తండ్రి ముఖమో, తాతయ్య ముఖమో అప్పుడు బిడ్డ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. ఆ క్షణంలో ఆ చిన్ని పెదవుల రంగును కూడా ఒకసారి చూడండి. పెదవులు, నాలుక గులాబీ రంగులో ఉంటే అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోండి. నీలంగా కనిపిస్తే మాత్రం మీకు దక్కిన అమానతు మీ నుంచి తొందరను కోరుతోందని గ్రహించండి. ఈ వ్యాసం ఆ తొందర గురించే.

మూడు తెరల చాటున ఒక నిర్మాణం

తల్లుల గర్భాల్లో తాను తలచిన విధంగా మన రూపాలను తీర్చిదిద్దేవాడు అల్లాహ్‌యేనని దివ్య ఖుర్‌ఆన్ (3:6) తెలియజేస్తోంది. మూడు చీకట్ల నడుమ దశల వారీగా సాగే ఈ సృష్టిని మరోచోట (39:6) గుర్తు చేస్తోంది. ఈ దశల్లో అన్నిటికంటే ముందుగా పనిలోకి దిగే అవయవాల్లో గుండె ఒకటి. గర్భం నిలిచిన సుమారు 22 రోజులకు, అంటే చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతి ఇంకా తెలియకముందే, అది కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి అది ఒక సన్నని గొట్టం మాత్రమే. తరువాత అది మెలి తిరిగి, లోపల గోడలు లేచి, ఎనిమిది వారాలు గడిచేసరికి నాలుగు గదుల గుండెగా తయారవుతుంది. గుండె నుంచి బయలుదేరే ఒకే పెద్ద గొట్టం లోపల సుడి తిరిగిన గోడ ఏర్పడి రెండుగా విడిపోతుంది. ఒకటి శరీరమంతటికీ మంచి రక్తాన్ని పంపే బృహద్ధమని. రెండోది చెడు రక్తాన్ని శుద్ధికై ఊపిరితిత్తులకు పంపే పుపుస ధమని.

ఈ రక్తప్రసరణ మార్గాన్ని మొదట సరిగా వర్ణించిన వైద్యుడు ఒక ముస్లిం పండితుడన్న విషయం మన పిల్లలకు చెప్పవలసి ఉంది. డమాస్కస్‌లో చదివి కైరోలో స్థిరపడిన ఇబ్నె నఫీస్ 13వ శతాబ్దివారు. గుండె కుడి గది నుంచి రక్తం మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా ఎడమ గదికి చేరుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటను అంతవరకూ అందరూ నమ్మేవారు. ఆ గోడ దట్టమైనదనీ, అందులో అలాంటి రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల గుండా వెళ్ళి గాలితో కలిసి ఎడమ గదికి వస్తుందనీ ఇబ్నె నఫీస్ వ్రాశారు. ఆయన 1288లో మరణించారు. ఆయన వ్రాతప్రతిని 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో ఒక ఈజిప్టు వైద్యుడు వెలికితీసే వరకూ లోకం ఆయన్ను దాదాపు మరచిపోయింది. ఖుర్‌ఆన్, హదీసు విద్యలను, వైద్యవిద్యను ఒకే మనిషి అభ్యసించిన కాలమది. ధర్మం ఒకవైపు, వైద్యం ఒకవైపు అన్న విభజన మనం తరువాత కల్పించుకున్నదే.

దారులు తారుమారైనప్పుడు

ప్రతి వెయ్యిమంది నవజాత శిశువుల్లో సుమారు 8 లేక 9 మంది గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారు. వీటిలో చాలా వరకు చిన్న రంధ్రాలే. కొన్ని తమంతట తాము మూసుకుపోతాయి, కొన్నింటికి నిదానంగా చికిత్స చేయవచ్చు. కాని కొన్ని అరుదైన లోపాలు రోజుల వ్యవధిలోనే ప్రాణాల మీదికి తెస్తాయి. అలాంటి వాటిలో ఒకటి, కొన్ని వేల జననాల్లో ఒక బిడ్డకు వచ్చేది, ప్రధాన ధమనులు తారుమారు కావడం.

ఈ లోపంలో పైన చెప్పిన రెండు ధమనులు ఒకదాని స్థానంలో మరొకటి పుడతాయి. ఫలితంగా శరీరం నుంచి వచ్చిన నీలిరక్తం ఊపిరితిత్తులకు వెళ్ళకుండా మళ్ళీ శరీరంలోకే పోతుంది. ఊపిరితిత్తుల్లో శుద్ధి అయిన ఎర్రరక్తం శరీరానికి అందకుండా మళ్ళీ ఊపిరితిత్తులకే పోతుంది. రెండు బావులున్నా కాలువలు కలవని పొలంలా ఉంటుంది ఆ బిడ్డ పరిస్థితి. నీరు ఉంది, పైరుకు మాత్రం చేరడం లేదు.

మరి ఆ బిడ్డ పుట్టాక కొంతకాలమైనా ఎలా బ్రతుకుతుంది? ఇక్కడ అల్లాహ్ కారుణ్యాన్ని గమనించండి. గర్భంలో శిశువు ఊపిరి పీల్చదు కనుక రక్తం ఊపిరితిత్తులను దాటిపోవడానికి రెండు అడ్డదారులు ఉంటాయి. ఒకటి పై గదుల మధ్యనున్న చిన్న తలుపు, రెండోది రెండు ధమనులను కలిపే ఒక చిన్న నాళం. పుట్టిన తరువాత ఇవి మెల్లగా మూసుకుపోతాయి. ఆరోగ్యవంతమైన బిడ్డకు ఆ మూసుకోవడం మేలు. తారుమారు గుండె గల బిడ్డకు మాత్రం ఎర్రరక్తం, నీలిరక్తం కాస్తయినా కలిసేది ఆ దారుల్లోనే. అవి తెరిచి ఉన్నంతసేపే గడువు. చికిత్స అందకపోతే ఇలాంటి బిడ్డల్లో సుమారు సగం మంది మొదటి నెలలోపే, దాదాపు 90 శాతం మంది ఏడాదిలోపే మరణిస్తారు.

శస్త్రచికిత్స ఎలా జరుగుతుంది?

మొదట ఆ అడ్డదారులను తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్ అనే మందును రక్తనాళంలోకి చుక్కచుక్కగా ఎక్కిస్తారు. అది చాలకపోతే సన్నని గొట్టం చివర అమర్చిన బుడగను గుండె లోపలికి పంపి, పై గదుల మధ్య తలుపును పెద్దది చేస్తారు. ఈ పద్ధతిని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో డాక్టర్ రాష్‌కైండ్ 1966లో ప్రవేశపెట్టారు. దీనికి ఛాతీ కోయనక్కరలేదు. అయితే ఇది ప్రాణం నిలిపే ఏర్పాటే గాని పూర్తి వైద్యం కాదు.

పూర్తి వైద్యం ధమనులను కోసి, వాటి స్థానాలను మార్చి కుట్టడం. ఇది మొదట 1975లో బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో విజయవంతమైంది. చేసినవారు డాక్టర్ అదీబ్ జాతెనే, లెబనాన్ నుంచి వలస వెళ్ళిన అరబ్బు తండ్రికి పుట్టినవారు. బిడ్డ రక్తాన్ని యంత్రం గుండా నడిపించి, గుండెను కొంతసేపు ఆపి, రెండు పెద్ద ధమనులనూ కోసి సరైన చోట కుట్టాలి. అంతకంటే కష్టమైన పని మరొకటుంది. గుండె కండరానికే రక్తాన్నిచ్చే నాళాలు పుట్టిన బిడ్డలో ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటాయి. వాటిని కూడా వేరుచేసి కొత్త చోట అతకాలి. అవి కాస్త మెలిపడినా గుండె ఆగిపోతుంది. ఇంత సున్నితమైన ఆపరేషన్ నేడు అనుభవం గల ఆసుపత్రుల్లో నూటికి 95 మందికి పైగా పిల్లల ప్రాణాలను నిలుపుతోంది. వారు పెరిగి బడికి వెళుతున్నారు, ఆటలాడుతున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. జీవితాంతం అప్పుడప్పుడు గుండె వైద్యునికి చూపించుకుంటే చాలు.

కాని ఒక షరతు ఉంది. ఆపరేషన్ సాధారణంగా పుట్టిన రెండు మూడు వారాల్లోపు జరగాలి. ఎందుకంటే ఈ లోపంలో ఎడమ గది ఊపిరితిత్తులకు మాత్రమే రక్తాన్ని తోస్తుంది. ఆ పనికి పెద్ద బలం అక్కర్లేదు. వారాలు గడిచేకొద్దీ ఆ గది కండరం పలచబడిపోతుంది. తరువాత ధమనులను సరిచేసినా శరీరమంతటికీ రక్తాన్ని తోసే శక్తి దానికి ఉండకపోవచ్చు. అంటే ఆలస్యం వల్ల ప్రమాదం పెరగడమే కాదు, వైద్యం చేసే దారే మూసుకుపోవచ్చు.

నలభై రోజుల ఆచారం

సోదరీమణులారా! ఇప్పుడు ఒక సున్నితమైన విషయం. మన ఇళ్ళలో బాలింతనూ బిడ్డనూ నలభై రోజుల పాటు గడప దాటనివ్వరు. చిల్లా స్నానం అయ్యేవరకు బయటి గాలి తగలకూడదంటారు. దాదీ, నానీల ప్రేమే దీనికి కారణం, సందేహం లేదు. కాని దీన్ని ధర్మం ఆదేశమని భావించడం పొరపాటు. నిఫాస్‌కు నలభై రోజుల గరిష్ఠ గడువు చెప్పింది నమాజు, ఉపవాసం, దాంపత్యం వంటి విషయాల్లో. ఇల్లు కదలవద్దని షరీఅత్ ఎక్కడా ఆదేశించలేదు. రక్తస్రావం అంతకుముందే ఆగితే స్నానం చేసి నమాజు మొదలుపెట్టాలన్నదే ధర్మం. రెండు మూడు వారాల గడువున్న బిడ్డను నలభై రోజులు ఇంట్లో ఉంచితే ఆ ఆచారం ఎవరిని కాపాడినట్లు?

కనుక ఈ గుర్తులను ప్రతి ఇంట్లో తెలిసి ఉంచుకోండి. చల్లదనానికి చేతులు, కాళ్ళు నీలంగా మారడం మొదటి రోజుల్లో మామూలే. కాని పెదవులు, నాలుక నీలంగా ఉంటే మామూలు కాదు. పాలు తాగుతూ మధ్యలో ఆపి ఆయాసపడటం, నుదుట చెమటలు పట్టడం, ఊపిరి వేగంగా కొట్టుకోవడం, అరికాళ్ళు చల్లబడి బిడ్డ మగతగా ఉండటం, ఇవన్నీ ప్రమాద సూచనలే. కొన్ని లోపాల్లో రంగు మారకుండానే నాలుగైదు రోజులకు బిడ్డ ఒక్కసారిగా నీరసించిపోతుంది. అందుకే ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే, పుట్టిన 24 గంటల తరువాత, బిడ్డ కుడి చేతికీ ఒక పాదానికీ ఆక్సిజన్ శాతం చూపే చిన్న పరికరాన్ని పెట్టి చూడమని అడగండి. దానికి సూది గుచ్చనక్కరలేదు, రక్తం తీయనక్కరలేదు. 90 కంటే తక్కువ వస్తే వెంటనే గుండె వైద్యునికి చూపాలి. 90కి పైన ఉన్నా 95 కంటే తక్కువే వస్తుంటే, లేక చేతికీ కాలికీ మధ్య 3 శాతానికి మించి తేడా కనిపిస్తే, మళ్ళీ పరీక్షించి కారణం తేల్చుకోవాలి.

తవక్కుల్ అంటే చేతులు కట్టుకోవడం కాదు

"అల్లాహ్ రాసిపెట్టింది జరుగుతుంది, అంత చిన్న బిడ్డను కోయించడమెందుకు?" అని కొందరు పెద్దలు అంటారు. రాసిపెట్టిందే జరుగుతుందన్న మాట సత్యమే. కాని ఏమి రాసి ఉందో మనకు తెలియదు, ఏమి చేయాలో మాత్రం తెలియజేయబడింది. వైద్యం చేయించుకోమని, ముసలితనానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు పెట్టాడని దైవప్రవక్త (స) ఉపదేశించారు. హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) కోసం ఆయన ఒక వైద్యుణ్ణి పంపగా, ఆ వైద్యుడు రక్తనాళాన్ని కోసి దానిపై వాత పెట్టినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. అంటే కోసి చేసే వైద్యం మన ప్రవక్త (స) కాలంలో, ఆయన ఆదేశం మీదనే జరిగింది.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో ఉండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి వెనుదిరిగారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ నిర్ణయించిన ఒక దాని నుంచి అల్లాహ్ నిర్ణయించిన మరొక దాని వైపుకే వెళుతున్నామని జవాబిచ్చారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది దైవనిర్ణయమే కదా అని వివరించారు. నీలి పెదవులు విధివ్రాత అయితే, ఆపరేషన్ గది కూడా విధివ్రాతలో భాగమే. పచ్చిక వైపుకు తోలుకెళ్ళే బాధ్యత కాపరిది.

అల్లాహ్ సృష్టిని మార్చడం తప్పు కదా అన్నది మరొక సందేహం. అందం కోసం, అహం కోసం రూపాన్ని మార్చుకోవడం వేరు, లోపాన్ని సరిచేసుకోవడం వేరు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) కు బంగారు ముక్కు పెట్టించుకోమని స్వయంగా ప్రవక్త (స) చెప్పారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మామూలుగా పురుషులకు నిషిద్ధమైన బంగారాన్ని సైతం అవసరం కోసం అనుమతించారంటే, ప్రాణం కోసం చేసే ఆపరేషన్ గురించి సందేహమెందుకు? వైద్యం చేయకపోతే ప్రాణమో అవయవమో పోయే సందర్భంలో చికిత్స విధి అవుతుందనీ, సంరక్షకుని నిరాకరణ బిడ్డకు స్పష్టంగా హాని చేసేదైతే దాన్ని లెక్కలోకి తీసుకోరాదనీ అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1992లో జిద్దా సమావేశంలో తీర్మానించింది.

తావీజు కట్టి, ఊదించిన నీళ్ళు తాగించి రోజులు గడిపేవారికి ఒక మాట. ఖుర్‌ఆన్ పారాయణం చేసి బిడ్డపై ఊదడం, దుఆ చేయడం మంచిదే. అది ఆసుపత్రికి వెళ్ళే దారిలో చేయండి, ఆపరేషన్ గది ముందు కూర్చొని చేయండి.

తల్లిని నిందించకండి

బిడ్డ లోపంతో పుడితే మన సమాజంలో వేలు మొదట తల్లి వైపుకే చూపుతారు. గ్రహణం చూసిందనో, ఏదో తినిందనో అంటారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పాలు తాగే వయసులోనే మరణించాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం పట్టిందని జనం అనుకుంటుంటే, ఎవరి చావుపుట్టుకల కోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ సూచనలు మాత్రమేనని ఆయన స్పష్టం చేశారు. బిడ్డను పోగొట్టుకున్న రోజున కూడా మూఢనమ్మకానికి చోటివ్వని ప్రవక్త అనుచరులం మనం. గ్రహణం పేరుతో ఒక తల్లిని ఏడిపించడం మనకు తగునా?

చాలా సందర్భాల్లో ఈ లోపాలకు ఏ ఒక్క కారణమూ దొరకదు. అయినా జాగ్రత్తపడగలిగినవి కొన్ని ఉన్నాయి. గర్భానికి ముందే మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడం, పెళ్ళికి ముందే రుబెల్లా టీకా వేయించుకోవడం, డాక్టర్‌ను అడగకుండా మందులు మింగకపోవడం. తరతరాలుగా దగ్గరి బంధువుల్లోనే పెళ్ళిళ్ళు జరగడం కూడా ఈ అవకాశాన్ని కొంత పెంచుతుంది. అలాంటి వివాహాన్ని ధర్మం అనుమతించింది, ఆదేశించలేదు. గర్భం దాల్చిన అయిదో నెల ప్రాంతంలో స్కానింగ్‌లో పెద్ద లోపాలు చాలావరకు తెలుస్తాయి. ముందే తెలిస్తే కాన్పును గుండె ఆసుపత్రికి దగ్గరలో ఏర్పాటు చేసుకోవచ్చు.

తల్లిదండ్రులు అడిగే కొన్ని ప్రశ్నలు

ఏడో రోజున బిడ్డ ఐ.సి.యు.లో ఉంటే అఖీఖా సంగతేమిటి? అఖీఖా సున్నత్, దాన్ని తరువాత చేయవచ్చు. చేతిలోని డబ్బును ముందు ప్రాణం కోసం ఖర్చు పెట్టండి. పేరు మాత్రం ఏడో రోజు దాకా ఆపనక్కరలేదు. ప్రవక్త (స) తన కుమారునికి పుట్టిన రాత్రే పేరు పెట్టారు.

యంత్రం వాడేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు చాలావరకు పంది పేగుల నుంచే తయారవుతుంది. ఇది తెలిసి కొందరు వెనుకంజ వేస్తారు. గత్యంతరం లేని స్థితిలో ఉన్నవాడిపై పాపం లేదన్న ఖుర్‌ఆన్ సూత్రం (2:173) ఇలాంటి సందర్భాల కోసమే. బదులు మందు లేనప్పుడు ప్రాణరక్షణకు దీన్ని వాడవచ్చని పండితులు చెప్పారు. రక్తం ఎక్కించడానికీ ఇదే సూత్రం.

ఖర్చు మాటేమిటి? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పసిపిల్లల గుండె ఆపరేషన్లకూ వర్తిస్తూ వచ్చింది. తెలంగాణలో అది అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించి పెద్దాసుపత్రులకు పంపుతారు. తిరుపతిలో 2021లో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి ఒకటి ప్రారంభమైంది. కార్డు లేదనో, దారి తెలియదనో ఆగిపోకండి. ముందు బిడ్డను దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి, కాగితాల పని అక్కడ అడిగి చేసుకోవచ్చు.

జమాత్ బాధ్యత

ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు మానవాళినంతటినీ కాపాడినవానితో సమానమని ఖుర్‌ఆన్ (5:32) బోధిస్తోంది. ఆపరేషన్ ఉచితమైనా దారి ఖర్చులు, మందులు, నెల రోజుల కూలి నష్టం ఆ కుటుంబానికి మిగులుతాయి. తండ్రి పేదవాడైనా, అప్పుల్లో ఉన్నా జకాత్ ఇవ్వవచ్చు. అయితే తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ తమ జకాత్‌ను కొడుక్కి, కూతురికి, మనవడికి ఇవ్వరాదు. వారు తమ సొంత సొమ్ముతోనే ఆదుకోవాలి. బాబాయి, మేనమామ, ఫూఫీ, ఖాలా జకాత్ ఇవ్వవచ్చు, అందులో బంధుత్వ పుణ్యం కూడా ఉంది. యువకులు రక్తదానానికి పేర్లు నమోదు చేసుకోవాలి. మస్జిద్ కమిటీలు ఈ పథకాల వివరాలను నోటీసు బోర్డుపై పెట్టాలి. ఖతీబులు జుమా ప్రసంగంలో ఒకసారైనా నీలి పెదవుల గురించి చెప్పాలి.

ఫలితం అల్లాహ్ చేతిలో

అన్ని ప్రయత్నాలూ చేసినా కొన్ని పసిగుండెలు నిలవవు. కొన్ని లోపాలకు ఒకటి తరువాత ఒకటిగా మూడు ఆపరేషన్లు కావాలి, కొన్నింటిలో వైద్యులే ఇక ప్రయోజనం లేదని చెబుతారు. నమ్మకమైన వైద్యులు అలా చెప్పినప్పుడు బిడ్డను బాధపెట్టకుండా ఒడిలో ఉంచుకోవడంలో పాపం లేదు. తన బిడ్డను ఒడిలో పెట్టుకొని మన ప్రవక్త (స) కన్నీరు కార్చారు. ఆ కన్నీరు కారుణ్యమని, ప్రభువుకు నచ్చని మాట మాత్రం నోట రానివ్వమని చెప్పారు. ఏడవండి, కాని నిరాశ చెందకండి. చిన్ననాడే వెళ్ళిపోయిన బిడ్డలు స్వర్గంలో హజ్రత్ ఇబ్రాహీం (అ) చెంత ఉంటారని సహీహ్ బుఖారీ హదీసు తెలుపుతోంది.

అయితే రేపు అల్లాహ్ సన్నిధిలో మనల్ని అడిగేది ఫలితాన్ని గురించి కాదు, అమానతును గురించి. బిడ్డ నీలిపడినప్పుడు ఏమి చేశావని అడిగితే, పరుగెత్తానని చెప్పగలిగే తల్లిదండ్రులుగా, వారి వెంట నేనూ నడిచానని చెప్పగలిగే ఇరుగుపొరుగుగా మనం ఉండాలి.

ఓ అల్లాహ్! మా పసిబిడ్డల గుండెలకు ఆరోగ్యాన్ని ప్రసాదించు. వారికి వైద్యం చేసే చేతులకు నేర్పునూ నిలకడనూ ఇవ్వు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు సహనాన్ని, దానికి గొప్ప ప్రతిఫలాన్ని అనుగ్రహించు. నీవు అప్పగించిన అమానతుల పట్ల మమ్మల్ని మేల్కొని ఉండేవారిగా చెయ్యి. ఆమీన్.